గారాబపు కారు, గొడ్డుచాకిరి కారు

పాతబడిన వస్తువులలో రెండు జాతులున్నవి. ఒకటి పాతబడినకొలది పెద్దరికము సంపాదించుకొనును. రెండవది పాతబడినకొలది చులకనయగును. తాతగారి వెండిచెంబు మొదటి జాతిది. అమ్మమ్మ వాడిన ఇత్తడి గరిటె రెండవ జాతిది. చెంబును బీరువాలో పెట్టి తాళము వేయుదుము. గరిటె కాడ విరిగిన దినముననే పాతసామానులవానికి వేసి, దాని బదులు ఉల్లిపాయలు తీసికొందుము. అన్నము వడ్డించినది మాత్రము గరిటెయే.

ఈ నెల ఈ సంగతిని నిదానముగా ఆలోచింతమని నా కోరిక. అందుకు రెండు పాత కార్లను ఎత్తుకొందును. పల్లెటూరి సంఘముల పత్రికలో కార్ల ముచ్చటలేమిటని పెద్దలు కొందరు నవ్వుదురేమో. నవ్వనిండు. యౌవనస్థుల కూటము ముగిసినవెంటనే మన పిల్లలు వేపచెట్టు క్రింద చేరి మాటలాడుకొనునది సగము బండ్లను గూర్చియే. వారి ప్రశ్న ఇది: పాత స్పోర్ట్సు కారొకటి, పాత సంసారపు కారొకటి ప్రక్కప్రక్కన నిలిపినయెడల, వాటిలో ఏది గొప్పది? వారు దానిని వేడుకకు అడుగుదురు. నాకు అది వేడుక ప్రశ్నగా తోచలేదు.

మొదటి కారు పేరు ఎం.జి. టి.సి. ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు పట్టణమున విలియం మారిస్ అనునతడు సైకిళ్లు బాగుచేయుటతో పని మొదలుపెట్టి, కార్లు చేసి, గొప్ప ధనవంతుడై, లార్డ్ నఫీల్డ్ అను బిరుదు పొందెను. ఆయన కార్లమ్మిన దుకాణము పేరు మారిస్ గ్యారేజెస్. ఆ రెండు మాటల మొదటి అక్షరములే ఎం.జి. 1920 తరువాతి సంవత్సరములలో ఆ దుకాణపు మేనేజరైన సెసిల్ కింబర్, మారిస్ వారి మామూలు సంసారపు కారు చట్రమును తీసికొని, దానిమీద తేలికైన అందమైన ఒడలు కట్టించి, వేగము కోరువారికి అమ్మనారంభించెను. ఆ వంశములో పుట్టినదే టి.సి. 1945 నుండి 1949 వరకు అబింగ్డన్ అను ఊరిలో దీనిని చేసిరి. చేసినవి ఇంచుమించు పదివేలు. కింబర్ మాత్రము దీనిని చూడలేదు. ఆ 1945 ఫిబ్రవరిలోనే లండనులో రైలు ప్రమాదమున చనిపోయెను. వేగపు కార్లు చేసిన ఆ మనిషి, ఎత్తు ఎక్కలేక మెల్లగా వెనుకకు జారిన రైలులో ప్రాణము విడిచెను.

ఈ కారులో కూర్చుండుటకు ఇద్దరికే చోటు. ఎదుటి అద్దమును ముందుకు పడుకోబెట్టవచ్చును. అప్పుడు గాలి ముఖమును కొట్టుచుండును, పురుగులును కొట్టుచుండును. ప్రక్కలకు అద్దములు లేవు. వాన వచ్చినయెడల గుడ్డ తెరలు తగిలించుకొనవలెను. తలుపులకు మడతబందులు వెనుకవైపున నుండును. చక్రములు సైకిలు చక్రములవలె సన్నని ఇనుప పుల్లలతో అల్లినవి, 19 అంగుళములవి. రేకు ఒడలి లోపల కొయ్య చట్రమున్నది. కాబట్టి దీనికి తుప్పు భయము మాత్రమే గాక చెద భయమును కలదు! ఇంజను 1250 సి.సి., 54 అశ్వశక్తి. యుద్ధమునకై ఇంగ్లాండు వచ్చిన అమెరికా సిపాయిలు ఈ జాతి కార్లను చూచి మోజుపడిరి. తరువాత సుమారు రెండువేల టి.సి.లు అమెరికా చేరెను. అక్కడ బండ్లు రోడ్డునకు కుడిప్రక్కన నడుచును. ఈ కారునకు స్టీరింగు కూడ కుడిప్రక్కననే. ఎదుటి బండిని దాటవలెనన్న మెడ సారసపక్షివలె చాపవలసినదే. అయినను కొనిరి. మోజు లెక్కలు చూడదు గదా.

రెండవదానిని వర్ణించనక్కరలేదు. మీలో అనేకులు దానిలో ఒకరి ఒడిలో ఒకరు కూర్చుండి ప్రయాణము చేసినవారే. అది మారుతి 800.

వెనుక తలుపు అద్దముతో సహా పైకి లేచు కారును హాచ్‌బ్యాక్ అందురు. ఫ్రాన్సు దేశమున 1961లో వచ్చిన రెనో 4 ఈ పద్ధతి కారును సామాన్య కుటుంబముల యొద్దకు తెచ్చెను. అది ఎనుబది లక్షలకు మించి చేయబడెను. మన దేశమున ఆ పని చేసినది మారుతి. జపానులోని సుజుకి కంపెనీతో 1982లో ఒప్పందము జరిగెను. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళపుచెవులను అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు ఢిల్లీలోని ఒక విమానసంస్థ ఉద్యోగి చేతిలో పెట్టిరి. చీటీలు తీయగా ఆయన పేరు వచ్చెను. లక్షమందికి పైగా ముందుగా డబ్బు కట్టి ఎదురుచూచుచుండిరి. వెల ఇంచుమించు 50 వేల రూపాయలు. ఇంజనుకు మూడు సిలిండర్లు, 796 సి.సి., తొలినాళ్లలో అశ్వశక్తి నలువదికి లోపే. అయినను మంచి రోడ్డుమీద పరుగు పెట్టించినయెడల ఈ రెండు కార్లకును పెద్ద తేడా లేదు. ఇంత చిన్న ఇంజనుతో అంత పని చేయించుట జపానువారి నేర్పు. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయెను. అప్పటికి చేసినవి 25 లక్షలకు మించి.

ఈ 25 లక్షలలో ఎన్ని మన పల్లెలకు వచ్చెనో లెక్కలేదు గాని, క్రొత్తవిగా వచ్చినవి తక్కువ. పట్టణములో ఒక గుమాస్తాగారో డాక్టరుగారో పది సంవత్సరములు వాడి విడిచిన తరువాతనే అవి మనవైపు వచ్చెను. ఆ పిమ్మటనే వాటి అసలు ఉద్యోగము మొదలాయెను. ఐదుగురి కారులో తొమ్మిదిమంది. నొప్పులు పడుచున్న ఆడకూతురు వెనుక సీటులో, ఆమె తల్లి ప్రక్కన, నీళ్లబిందె కాళ్లదగ్గర. అర్ధరాత్రి మిషను ఆసుపత్రికి. పెండ్లికూతురిని తెచ్చినది అదే, పండ్లబుట్టలు తెచ్చినది అదే. కోతపండుగ దినమున వెనుక తలుపు ఎత్తి చూచినయెడల గుమ్మడికాయలు, ధాన్యపు మూట, కాళ్లు కట్టిన రెండు కోళ్లు, వాటి మధ్య ప్రభువు బల్ల సామగ్రి పెట్టె. మా ప్రాంతమున ఒక పాస్టరేటు క్రింద ఎనిమిది, పది ఊళ్లుండుట మామూలు. అటువంటి చోట్ల పాత 800 ఒకటి ఉన్నందుననే ఒక ఆదివారమున మూడు ఊళ్లకు బల్ల ఇవ్వగలిగిన కాపరులు నాకు తెలియును.

ఇంకొక సంగతి చెప్పి ముందుకు పోవుదును. టి.సి. ఇంజను, మారిస్ టెన్ అను సంసారపు కారు ఇంజను నుండి పుట్టినదే. అనగా ఆ గారాబపు బిడ్డకు గుండెనిచ్చినది ఒక గొడ్డుచాకిరి తల్లి. మనమెరిగిన అంబాసిడరు కూడ ఆ మారిస్ ఇంటిదే. మారిస్ ఆక్స్‌ఫర్డు అను కారు అచ్చులను హిందూస్థాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తరపారాకు తెచ్చి, 1950ల చివర నుండి అంబాసిడరు పేరుతో చేసిరి. అదియు 2014 సంవత్సరముననే ఆగెను. ఒకే ఇంటి పిల్లలలో ఒకరు పాటకచేరీకి, ఒకరు పొలమునకు పోవుట మన ఊళ్లలో చూచుచున్నదే. ఎం.జి. అను పేరు ఇప్పుడు చైనా కంపెనీ చేతికి వచ్చినది. 2019 నుండి ఆ గుర్తుగల పెద్ద కార్లు మన రోడ్లమీదను తిరుగుచున్నవి. వాటికి ఆ కొయ్య చట్రపు కారుతో పేరు పొత్తు తప్ప వేరొకటి లేదు.

ఇప్పుడు వెల సంగతి. బాగుగా కాపాడిన టి.సి. నేడు క్రొత్త సంసారపు కార్లు ఎన్నింటినో కొనునంత ధర పలుకును. నడుచుచున్న పాత 800ను ఒక మంచి పాడిగేదె వెలకు అడుగుదురు, అది కూడ బేరమాడి. ఇంతకంటె పెద్ద ఉదాహరణ కావలెనన్న, 1955లో చేసిన మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్.ఎల్.ఆర్. అను పందెపు కారు, పైకప్పు గల రకముది, 2022 మేలో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయెను. మన రూపాయలలో వెయ్యి కోట్లకు మించి! ఆ సొమ్ముతో విద్యార్థివేతనముల నిధి పెట్టుదుమని అమ్మిన కంపెనీ ప్రకటించెను, అది మెచ్చుకొనదగినదే. ఆ ధర ఎందుకు వచ్చెను? ఆ రకముది లోకమంతటిలో రెండే చేయబడెను గనుక. ఆ రెండే ఇరువది లక్షలైయుండినయెడల, అదే ఇంజను, అదే అందము, అదే వేగము ఉండియు, ఎవరును వెయ్యి కోట్లు పెట్టియుండరు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినదేమి? ధర అనునది ఒక వస్తువు ఎంత మేలు చేసెనో చెప్పదు. అటువంటివి ఎన్ని మిగిలెనో, ఎందరు కోరుచున్నారో, అంతమాత్రమే చెప్పును. మారుతి 800 చవుక ఎందుకైనది? అందరికి అందినందున. దాని మంచితనమే దాని చులకనకు కారణము. సొలొమోను దినములలో ఐగుప్తు రథమునకు ఆరువందల తులముల వెండి, గుఱ్ఱమునకు నూటయేబది అని రాజుల గ్రంథము లెక్క వ్రాసిపెట్టినది. అదే దినములలో పనలు మోసిన గాడిదల వెల ఎవరును వ్రాయలేదు. యెరూషలేము భోజనము చేసినది మాత్రము గాడిద మోసిన ధాన్యముతో.

ఇంతవరకు చదివినవారు, పాస్టరుగారు ఎటు పోవుచున్నారో తెలిసినదనుకొందురు. స్పోర్ట్సు కారు డంబము, సంసారపు కారు సేవ, కాబట్టి రెండవదే గొప్పది, ఆమేన్. అట్లు వ్రాయుట సుళువు. చదివినవారికి సుఖము కూడ, ఎందుకనగా మనలో ఎవరికిని స్పోర్ట్సు కారు లేదు; లేనిదానిని ఖండించుటకు ఖర్చేమి? గాని ఆ జవాబు నాకు తృప్తి కలిగించలేదు. అందుకు రెండు కారణములు.

మొదటిది బేతనియలోని విందు. మరియ వెలగల అత్తరు తెచ్చి ప్రభువు పాదములకు పూసినప్పుడు, మూడువందల దేనారములకు అమ్మి బీదలకు ఇవ్వరాదా అని లెక్క చెప్పినవాడు ఎవడో యోహాను సువార్త చదివినవారెరుగుదురు. ఉపయోగమును గూర్చిన వాదము ఆ దినమున యూదా నోటనుండి వచ్చినది. ఉపయోగము లేని అందమంతయు పాపమైనచో, లిల్లీపువ్వులను చూడుమని ప్రభువు చెప్పియుండడు. పని ముగిసిన పిదప, ఒక వస్తువు చక్కగా చేయబడినదని చూచి ఆనందించుట మనుష్యునికి దేవుడిచ్చినదే. టి.సి. ముందు రెక్కల వంపును ఎవరో ఒక పనివాడు ప్రేమతో తీర్చెను. ఆ ప్రేమను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

అయితే అత్తరు బుడ్డిని మరియ పగులగొట్టి పోసెను. బుడ్డిని భద్రముగా దాచి, ఏటేట వెల పెరుగుట చూచుకొని మురిసియుండలేదు. పాత స్పోర్ట్సు కార్లు గలవారిలోను రెండు తరగతులవారుందురు. కారును చల్లని గదిలో ముసుగు వేసి పెట్టి, ఎన్నడును నడపక, మంచి బేరము కొరకు కనిపెట్టువారు కొందరు. వారి సంగతి చిమ్మెటను, తుప్పును గూర్చిన కొండమీది ప్రసంగములో ముందే చెప్పబడినది. తుప్పు పట్టనియ్యరు గాని, తుప్పును గూర్చిన భయము వారి హృదయమును పట్టును. రెండవ తరగతివారు వేరు. నేను సెమినరీలో చదువుచున్న కాలమున, మా కళాశాల ప్రక్క వీధిలో పింఛను పుచ్చుకొన్న ఒక ఇంజనీరుగారుండిరి. రెండు సీట్ల పాత ఇంగ్లీషు కారొకటి ఆయనకుండెను. శనివారము వచ్చినదంటే చాప పరచుకొని దాని క్రింద పడుకొనెడివారు. ఏ మర ఎక్కడ సడలునో, ఏ కీలుకు ఎంత గ్రీజు కావలెనో ఆయన వ్రేళ్లకు తెలియును. దొరకని ముక్కను చిత్తుకాగితము మీద గీసి, కమ్మరిచేత చేయించుకొనెడివారు. తలుపు క్రింది కొయ్యకు చెద తగిలినయెడల, ఆ కొయ్యంత మేర కోసి, క్రొత్త ముక్క అతికించి, సీలలు దిగగొట్టెడివారు. చెడిన చోటనే బాగుచేయుదురు గాని, చెడినదని పారవేయరు. ఆయన ఏ సంఘమునకు చెందినవారో నేనడుగలేదు. ఒక ప్రాణిని పెంచునట్లు పెంచుచుండిరి.

అటువంటి శ్రద్ధను ఏ మారుతి 800 అయినను ఎప్పుడైన పొందినదా? దాని క్రింద ఎవరు పడుకొనిరి? చెడినప్పుడు మేస్త్రీ, అదియు అప్పు పెట్టి.

ఇక రెండవ కారణము. ఇదియే నన్ను ఎక్కువగా బాధించినది. సంసారపు కారే గొప్పది, ఎందుకనగా అది పనికివచ్చినది అన్నామనుకొనుడి. మంచిది. పనికి రాని దినమున? ఉపయోగమే గౌరవమునకు కొలత అయినచో, ఉపయోగము ముగిసిన గడియననే గౌరవమును ముగియవలెను గదా. మన పెద్దలు ఈ గుణమును ఎరిగియే, ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య అనిరి. అరుదైనదనుటచేత గౌరవించువాడు ఒక రకపు అన్యాయము చేయును. పనికివచ్చుననుటచేత గౌరవించువాడు మరియొక రకపు అన్యాయము చేయును. అది ఇంకను క్రూరమైనది, ఎందుకనగా అది న్యాయమువలె కనబడును. ముసలి ఎద్దును సంతకు తోలువాడు లెక్కతప్పి తోలడు.

మన దేశపు చట్టములో ఈ సంగతి ఎట్లు కనబడుచున్నదో చూడుడి. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములవరకు చెల్లును. ఆ పిమ్మట పరీక్షకు నిలబడి, ఐదేండ్లకొకసారి తిరిగి వ్రాయించుకొనవలెను. అందుకు 600 రూపాయలుగా నున్న రుసుమును 2022 ఏప్రిలు నుండి 5,000 చేసిరి. పాత బండి పొగ ఎక్కువ వదలును, దాని ఆపులు నమ్మరాదు, అందుచేత జనులు దానిని విడువవలెనని ఉద్దేశము. అదే ప్రభుత్వము 2021 జూలైలో మరియొక నియమము వ్రాసినది. 50 ఏండ్లు దాటి, తన అసలు రూపములోనున్న కారును వింటేజి అని గౌరవించి, 20,000 రూపాయలు కట్టించుకొని, వేరు అక్షరముల నెంబరు ఇత్తురు. దానిని నిత్యము రోడ్డుమీద తిప్పరాదు, కిరాయికి తోలరాదు. ప్రదర్శనలకు, ఊరేగింపులకు తీసికొనిపోవచ్చును. ఈ రెండు నియమములలోను తప్పు పట్టుటకు నేను పూనుకొనలేదు. రెండింటికిని కారణములున్నవి. గాని వాటి మధ్యనున్న ఖాళీని చూడుడి. పదునైదు నుండి ఏబది వరకు ముప్పదియైదు ఏండ్లు. ఆ కాలములో బండి క్రొత్తది కాదు, పురాతనమును కాదు. ఉత్త పాతది. దానికి దండ వేయువారు లేరు.

ఆ ముప్పదియైదు ఏండ్లలో మన ఊళ్లలో ఎందరున్నారు!

మా ప్రక్క పాస్టరేటులో ఒక బైబిలు స్త్రీ ఉన్నారు. ఆమె నడచినన్ని మైళ్లు ఆ ప్రాంతమున ఏ వాహనమును నడచియుండదు. చంకన సంచి, చేతిలో లాంతరు. మాలపల్లె, మాదిగపల్లె, ఎరుకలవారి గుడిసెలు అని చూడక ముప్పది ఏండ్లు తిరిగి, ఆడవారికి అక్షరములు నేర్పి, పురిటి మంచముల యొద్ద కూర్చుండి, చచ్చిన పిల్లలను తన చేతులతో కడిగి గుడ్డ చుట్టిరి. ఇప్పుడు మోకాళ్లు పట్టుకొనిపోయినవి. కన్ను ఒకటి మసక. చిన్నకొడుకు ఇంటి అరుగుమీద ఉందురు. పోయిన సంవత్సరము ఆ ఊరి గుడి వార్షికోత్సవమునకు పట్టణమునుండి ప్రసంగీకుని పిలిచిరి. బాజాలు, పూలదండ, శాలువ, రెండు కూరలు, కోడి. ప్రసంగము బాగుగనే ఉండెనట. ఆ శాలువ ఆయనకు నలువదవదో ఏబదియవదో అయియుండును. కూటమునకు అరుగుమీది అమ్మను ఎవరును తీసికొనిపోలేదు. ద్వేషముచేత కాదు. ఎవరికిని జ్ఞాపకము రాలేదు. ఆమె ఎప్పుడును ఉండునదే గదా! నిత్యము కనబడువారు అరుదైనవారు కారు. మోకాళ్లు పోయినవారు పనికివచ్చువారును కారు. రెండు కొలతలలోను ఆమె తక్కువే తూగిరి. ఆమెకు పేరు పెట్టి దీవెన చెప్పుటకు సంఘమునకు మూడవ కొలత ఒకటి కావలసియుండెను. ఆ కొలత మనయొద్ద లేదా? ఉన్నది. ఘనత తక్కువైన అవయవములకు ఎక్కువ ఘనత నియ్యవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన పండ్రెండవ అధ్యాయమును పెండ్లిండ్లలోను, సంఘ కమిటీ తగవులలోను తరచుగా చదువుచున్నాము.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను, లేనియెడల యౌవనస్థులు నన్ను పట్టుకొందురు. కారు కారే, మనిషి మనిషే. పొగ క్రక్కుచు పసిపిల్లల రొమ్ములలో జబ్బు నింపు పాత బండిని విప్పి, దాని ఇనుమును కరిగించుట పాపము కాదు, మంచి పని. తొలికాలపు 800లలో పొగను శుద్ధిచేయు సాధనము లేదు. కొత్త పొగ నియమములకు సరిపడనందున 2010లోనే హైదరాబాదు మొదలగు 13 పట్టణములలో దాని అమ్మకము ఆపివేసిరి. టి.సి.కి ఆ సాధనమే కాదు, నడుముకు కట్టుకొను పట్టీయైనను లేదు. కృతజ్ఞత పేరు చెప్పి ఆపులు పట్టని బండిలో బిడ్డలనెక్కించువాడు కృతజ్ఞుడు కాడు, అవివేకి. బండిని తుక్కు చేయవచ్చును. మనిషిని చేయరాదు. నా భయమంతయు ఏమనగా, బండ్లయెడల అలవాటైన చేయి, మనుష్యులయెడలను అదే పని చేయుచున్నది. పాతదానిని విడుచుట వేరు, చులకన చేసి విడుచుట వేరు. ఆ ఇంజనీరుగారు చాప పరచుకొని పడుకొనుటలో నేర్చుకొన్న ఓర్పు, ఇంటిలోని ముసలిదానియెడలను వచ్చినదో లేదో నాకు తెలియదు. వచ్చియుండునని నమ్మవలెనని యున్నది. వస్తువు చెడిన చోటు చేతితో తడిమి చూచుట ఒక అలవాటు. మనకు ఆ అలవాటు తప్పిపోవుచున్నది.

మొదటి మారుతి సంగతి ఏమాయెనని కొందరు అడుగవచ్చును. దానిని అందుకొన్న ఉద్యోగి, చీటీలో వచ్చిన దీవెనగా ఎంచి, 2010లో చనిపోవువరకు అమ్మలేదు. ఆ పిమ్మట అది ఢిల్లీలో ఆయన ఇంటి ముందు ఎండకు ఎండి, వానకు తడిసి, తుప్పుపట్టి నిలిచినది. కొన్నాళ్లకు కంపెనీవారు దానిని తీసికొనిపోయి, ఒక్కొక్క ముక్క బాగుచేసి, తెల్లని రంగు వేసి, 2022లో తమ ముఖ్య కార్యాలయములో పెట్టిరి. సంతోషమే. గాని దానికి దక్కిన గౌరవము అది మొదటిదైనందున దక్కినది, అది మోసినదానినిబట్టి కాదు. నొప్పులుపడు స్త్రీని అర్ధరాత్రి మోసిన బండి ఎన్నవదో ఎవరికిని తెలియదు. దానిని ఎప్పుడో ముక్కలు చేసియుందురు. ఆ రాత్రి పుట్టిన బిడ్డ ఇప్పుడు ఇంటరు చదువుచుండవచ్చును.

2033 డిసెంబరు నాటికి 1983 నాటి కార్లకు ఏబది నిండును. అప్పుడు, నియమము మారకుండినయెడల, మారుతి 800 కూడ వింటేజి అగును. మిగిలినవి అరుదు గనుక ధరయు పెరుగును. పట్టణములలో శ్రీమంతులు వాటికై వెదకుదురు. మనవైపు కొట్టములలో, గడ్డి ప్రక్కన, చక్రములు లేక ఇటుకలమీద నిలిచియున్నవాటిని బేరమాడుటకు దళారులు వత్తురు. అప్పుడు మనమును మన బండి గొప్పదని చెప్పుకొందుము. చెప్పుకొనుటకు ముందు కోళ్లను దానిలోనుండి తోలవలసియుండును.

మా సంఘములో ఒక రైతు ఉన్నాడు. పత్తి పోయి, అప్పులై, రెండు పర్యాయములు పొలము కౌలుకిచ్చెను గాని, తన పాత 800ను అమ్మలేదు. పరీక్షకు నిలిపి, రుసుము కట్టి, కాగితములు సరిగా ఉంచుకొనెను. అంత ఖర్చేలరా అని అడిగితిని. "అయ్యగారూ, మా అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయి మళ్లీ ఇంటికి తెచ్చింది ఇదే. మళ్లీ తేవడం అనేది అన్ని బండ్లకూ కుదరదు" అనెను. ఆదివారము ఉదయము ఏడు గంటలకు దానిని మూడు పర్యాయములు పంపుచేసి కదిలించి, చెరువుగట్టు దిగువనున్న వీధికి పోవును. అక్కడ నలుగురు విధవరాండ్రు, ఒకరు గ్రుడ్డివారు, తెల్లచీరలు కట్టుకొని గడపలమీద కూర్చుండియుందురు. ముందు సీటు గ్రుడ్డియామెది. దానిలో ఇంకెవరును కూర్చుండరు. మొదటి గంట కొట్టులోపల వారు గుడి మెట్లయొద్ద దిగుదురు. మోకాళ్లు పట్టిన బైబిలు అమ్మగారి సంగతి పోయిన నెల నేను అతనితో చెప్పితిని. ఆ ఊరు మాకు తొమ్మిది మైళ్లు. పెట్రోలు ఎంతగునో లెక్కవేయుచు కొంతసేపు ఊరకుండి, రెండవ ఆరాధన ఎన్నిగంటలకని అడిగెను.